పియానో కింద నీలం కోటాయన

"ఆ పన్ను పీకాక నీకు మాట పడిపోతే నేనేం చెయ్యనే?"

ఇంకా ఏమీ జరగలేదు. కూతురు చెప్పులైనా వేసుకోలేదు. అయినా తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి, రాబోయే కీడుకి ముందుగానే ఎదురెళ్ళింది. వీధిలో అందరూ ఆవిణ్ణి అయ్యో పిన్ని అంటారు. కుళాయిలో నీళ్ళొస్తే అయ్యో, రాకపోతే అయ్యో. చదివింది ఏడో తరగతే గానీ భయపడటంలో మాత్రం ఆవిడకి పెద్ద పట్టా ఇవ్వచ్చు.

"మాట పడిపోదమ్మా. గంటసేపు దూది కరిచిపట్టి నోరు మూసుకోమంటారు, అంతే," అంది కూతురు, పొంగిన బుగ్గని అరచేత్తో పట్టుకుని.

"నోరు మూసుకుంటే ఊపిరి?"

"ముక్కుంది కదమ్మా!"

కూతురు ఊళ్ళోని చిన్న మ్యూజియంలో పనిచేస్తోంది. అక్కడి వింత వస్తువుల ఫొటోల్ని సోషల్ మీడియా పేజీలో పెట్టి, ఒక్కోదానికి వర్ణన రాయడం ఆమె పని. చేరి ఆరు నెలలైంది. ఈ రోజు పన్నెండు గంటలకి పెద్ద మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. అంతకుముందున్న ఇద్దరమ్మాయిల్నీ మేడమ్ సరిగ్గా ఆరో నెల ఆఖరి రోజునే ఇంటికి పంపింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అయ్యో పిన్నికి కంటి మీద కునుకు లేదు.

"అమ్మా, ఒక్క పని చేసిపెట్టు. మేడమ్ ఇప్పుడే కొత్త గది ఫొటో పంపింది. పదింటికల్లా పేజీలో పడాలి. డాక్టరు తొమ్మిదిన్నరకి రమ్మన్నాడు. నొప్పికి నాకు అక్షరాలు రెండేసిగా కనిపిస్తున్నాయి," అని కూతురు ట్యాబ్ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. "ఫొటో ఎక్కించేశాను. ఈ మైకు బొమ్మ నొక్కి, ఫొటోలో ఏం కనిపిస్తే అది చెప్పు. అదే రాసుకుంటుంది. తర్వాత ఈ నీలం బొత్తాం నొక్కు. అయిపోయింది."

"కళ్ళెదురుగా ఫొటో కనిపిస్తుంటే మళ్ళీ చెప్పడమెందుకే?"

"చూపు లేనివాళ్ళ కోసం. ఈ రాత మనకి కనపడదు. వాళ్ళ ఫోను మాత్రం పైకి చదివి వినిపిస్తుంది. నువ్వు వాళ్ళ పక్కన కూర్చుని చెబుతున్నాననుకో. నాలుగు మాటలు చాలు. మేడమ్‌కి అంతకన్నా ఎక్కువైతే నచ్చదు."

నాలుగు మాటలని అయ్యో పిన్నితో అనడమే కూతురు చేసిన పొరపాటు. ఆవిడ నాలుగు మాటలు మొదలుపెడితే కూరగాయల బండివాడు వీధి చివరికి వెళ్ళి తిరిగొస్తాడు.

కూతురు బస్సెక్కింది. తల్లి కళ్ళజోడు తుడుచుకుని ఫొటో చూసింది. చూడగానే "అయ్యో!" అంది. చూపు లేనివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకున్నట్టే ఊహించుకుని, మైకు నొక్కి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇదో పెద్ద గదండీ. పైకప్పు నుంచి ఒకటంటే ఒకటే తాడు. దానికి నల్లటి పియానో వేలాడదీశారు. మా మంచమంత ఉంది. సరిగ్గా దాని కింద నీలం కోటాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పేపరు అడ్డమొచ్చి ముఖం కనపడటం లేదు. నెత్తి మీద ఏముందో పాపం ఆయనకి తెలీదు. తాడుకి పైన ఒక పోగు లేచి ఉంది. ఆయనకి పెళ్ళాం పిల్లలు ఉండే ఉంటారు. గదిలో ఇంకెవరూ లేరు. ఫొటో తీసినవాడు కూడా నోరు మూసుకుని తీశాడు. ఎవరైనా ఆయన్ని లేపండి నాయనా! కుర్చీ ఒక్కటే గట్టిగా కనిపిస్తోంది, దాని గురించి దిగులు లేదు."

నీలం బొత్తాం నొక్కింది. పనైపోయిందని మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఫొటో కింద జనం మాట్లాడుకుంటున్నారు. ఆవిడ కూడబలుక్కుని చదివింది.

"అబ్బ, ఎంత బాగుందో!" అని ఒకరు. "ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి కింద కూర్చోబెట్టి ఫొటో తీస్తాం," అని ఇంకొకరు. వాటి కింద, "ఆయన లేచాడా?" అని ఒకరు. "ఆ పోగు తెగిందా, ఇంకా ఉందా? దయచేసి ఎవరైనా చెప్పండి," అని మరొకరు.

చూసేవాళ్ళకి ఫొటో కనిపిస్తోంది, రాత లేదు. వినేవాళ్ళకి రాత వినిపిస్తోంది, ఫొటో లేదు. ఇద్దరూ ఒకే చోట నిలబడి రెండు వేరే ఊళ్ళ సంగతులు మాట్లాడుకుంటున్నారు.

"ఒక ప్రాణం పోతుంటే బాగుందంటారా? మీరు మనుషులేనా?" అని వినేవాళ్ళు విరుచుకుపడ్డారు.

"వీళ్ళకి పొద్దున్నే ఏమైంది? డాక్టరుకి చూపించండి," అని చూసేవాళ్ళు తిప్పికొట్టారు.

అయ్యో పిన్నికి తనలాంటి మనసున్నవాళ్ళు కొందరైనా ఉన్నందుకు ఊరట కలిగింది. మైకు నొక్కి, "నాకూ అదే దిగులుగా ఉంది బాబూ," అంది. ఆ మాట మ్యూజియం పేరు మీద, మ్యూజియం ముద్రతో పడిందని ఆవిడకేం తెలుసు?

"చూశారా! మ్యూజియం వాళ్ళే దిగులుగా ఉందంటున్నారు!"

ఆ తర్వాత ఎవరి మాటా ఎవరి చెవికీ ఎక్కలేదు. మ్యూజియానికి ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తోందన్నారు. ఆవిడా చేసింది, ఎంగేజే. అందరూ ఒక్కసారే చేస్తే ఎంగేజ్ రాక ఏమొస్తుంది? ఆవిడకి మాత్రం ఫోను ఎత్తే మనిషి కూడా ఆ పియానో కిందే ఉన్నట్టు తోచింది. "ఎవరికి చెప్పమంటారు?" అని ఎవరో అడిగారు. "ఎవరికో ఒకరికి చెప్పండి నాయనా," అంది, మళ్ళీ మ్యూజియం పేరు మీదే.

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఫైరింజను బయల్దేరింది."

"అయ్యో! అయితే నిజమేనన్నమాట!" అని ఆవిడ లేచి నిలబడింది. తన నోట వెళ్ళిన భయమే ఊరంతా తిరిగి, గంట మోగించుకుంటూ తిరిగొస్తోందని తట్టలేదు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే బస్సెక్కేసింది.

మ్యూజియం గుమ్మం ముందు ఎర్ర బండి నిలబడి ఉంది. జనం మూగారు. వాళ్ళ మధ్యలోంచి చూపులేని పెద్దాయన ఒకాయన చేతికర్రతో తడుముకుంటూ, "తప్పుకోండి బాబూ, ఆయన లేచాడా లేదా?" అని అడుగుతూ మెట్లెక్కుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు పియానోలకి శ్రుతి సరిచేసిన మనిషి. మ్యూజియం పక్క వీధిలోనే ఉంటాడు. అందరూ శ్రుతి మాస్టారంటారు. అయ్యో పిన్ని ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

అప్పుడే ఇద్దరు ఫైరు మనుషులు నీలం కోటాయన్ని చంకల కింద పట్టుకుని ఇవతలికి తెస్తున్నారు. చేతులు వాలిపోయి ఉన్నాయి. పేపరు ఛాతీకి అతుక్కుని ఉంది.

"అయ్యో! ఆలస్యమైపోయింది మాస్టారూ! ఆయన పోయాడు!" అని ఆవిడ గొల్లుమంది.

కోటు చేతిలోంచి గడ్డి రాలింది.

"గడ్డండీ," అంది ఆవిడ, వంగి చూసి.

"ఏ గడ్డం?"

"గడ్డం కాదండీ. ఎండు గడ్డి. మనిషి కాదు. ప్రదర్శన కోసం దిష్టిబొమ్మకి కోటు తొడిగారు." ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణమే. ఎదురుగా చేతిలో ఫోనుతో పెద్ద మేడమ్ నిలబడి ఉంది.

"ఈ వర్ణన రాసిందెవరు?"

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి కూతురు వచ్చింది. బుగ్గ మీద మంచు సంచి, నోట్లో దూది, కళ్ళు ఇంతింత. నోరు తెరిస్తే రక్తం ఆగదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. తల్లిని చూసింది, ఫైరు వాళ్ళని చూసింది, గడ్డిని చూసింది. రెండు చేతులూ గాల్లో తిప్పడం మొదలుపెట్టింది.

"ఎవరో వచ్చినట్టున్నారే?" అన్నాడు మాస్టారు.

"మా అమ్మాయండీ. పన్ను పీకారు, మాట్లాడకూడదు. చేతులు తిప్పుతోంది. ఇప్పుడు నా వైపు వేలు చూపించింది. ఇప్పుడు తన మెడ మీద అడ్డంగా గీసి చూపించింది. ఉద్యోగం పోయిందంటోందో, నా పీక కోస్తానంటోందో తెలియడం లేదండీ."

"రెండూ కావచ్చు," అన్నాడు మాస్టారు.

అయ్యో పిన్ని ముందుకొచ్చి మేడమ్‌కి చేతులు జోడించింది. "రాసింది నేనమ్మా. దానికేం తెలీదు. అది డాక్టరు కుర్చీలో ఉంది. శిక్ష వేస్తే నాకెయ్యండి. నాకు ఉద్యోగం లేదు, ఉంటే పీకేద్దురుగాని."

మేడమ్ పళ్ళు నూరింది. ఈలోగా ఫైర్ ఆఫీసరు కుర్చీని పక్కకి జరిపించి, తాడు పరీక్షించడానికి పియానోని కప్పీ మీద మెల్లగా నేలకి దింపించాడు. పియానో నేలని తాకిన చప్పుడు విని మాస్టారు అటు నడిచాడు. మూత ఎత్తి, ఎడమ చివర వేళ్ళతో తడిమి, ఆగిపోయాడు.

"మూడో మీట అంచు విరిగి ఉంది కదూ?"

"అవునండీ," అంది అయ్యో పిన్ని. "గోరంత ముక్క పోయింది."

"విరగ్గొట్టింది నేనే. పాత డాన్సు హాల్లోది ఇది. ముప్ఫై ఏళ్ళు నా చేతుల్లో పెరిగింది. హాలు మూసేశాక ఎక్కడికి పోయిందో తెలీలేదు." ఆయన మేడమ్ గొంతు వినిపించిన వైపు తిరిగాడు. "రెండేళ్ళుగా మీ పేజీ వింటున్నానమ్మా. దీని ఫొటో మీరు ముందు కూడా పెట్టే ఉంటారు. 'పాత వాయిద్యం, నలుపు' అని వినిపించింది. అటువంటివి వందలు విన్నాను, కుర్చీలోంచి కదల్లేదు. ఈ రోజు మొదటిసారి లేచి చెప్పులేసుకున్నాను."

నాలుగు మాటల నియమం పెట్టింది మేడమే. ఆవిడ ముఖం ఎర్రబడింది. మాట తప్పించడానికి ఆఫీసరు వైపు తిరిగింది. "అదంతా సరే. తాడు సంగతేమిటి?"

"లోపల ఇనుప తీగ ఉంది మేడమ్. పైన లేచింది ఉత్త నార. పది పియానోలు కట్టినా తెగదు."

"విన్నారా!" అని మేడమ్ అయ్యో పిన్ని మీదికి వచ్చింది. "మీరు చెప్పిన దాంట్లో ఒక్కటైనా నిజముందా? మనిషి అబద్ధం. తాడు అబద్ధం. పెళ్ళాం పిల్లలు అబద్ధం!" ఫోను ఎత్తి, ఆఖరి వాక్యం అందరికీ వినిపించేలా చదివింది. "'కుర్చీ ఒక్కటే గట్టిగా కనిపిస్తోంది, దాని గురించి దిగులు లేదు.' హమ్మయ్య! కనీసం ఇదైనా!" అని నీలం కోటాయన ఖాళీ చేసిన కుర్చీలో కూలబడింది.

వెనక కాళ్ళు రెండూ పుచ్చిపోయి ఉన్నాయి. కుర్చీ ఒక్క పెట్టున ముక్కలైంది. మేడమ్ వెనక్కి ఒరిగి, ఫైరు వాళ్ళు నేల మీద పడుకోబెట్టిన నీలం కోటాయన పొట్ట మీద మెత్తగా పడింది. గడ్డి గాల్లోకి లేచింది.

ఫైరు వాళ్ళు ఆవిణ్ణి లేపాలా వద్దా అని ఆఫీసరు వైపు చూశారు.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు. అయ్యో పిన్ని వైపు తిరిగాడు. "చెప్పండమ్మా, మీరే చెప్పాలి."

అయ్యో పిన్ని కూతురి వంక చూసింది. కూతురు రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. కానీ పక్కన కూర్చుని అడుగుతున్నట్టే అడిగాడు మనిషి. ఎలా చెప్పకుండా ఉండటం?

"కుర్చీ విరిగిందండీ. మేడమ్ గారు కోటాయన మీద పడ్డారు. దెబ్బలేం తగిలినట్టు లేవు. జుట్టులో గడ్డి ఉంది. ముఖం కోపంగా ఉంది. పెదవి వణుకుతోంది. అయ్యో, ఏడుస్తారేమో. కాదు కాదు. బుగ్గలు ఉబ్బుతున్నాయి. ఊపిరి ఆడటం లేదేమో... మాస్టారూ, ఆవిడ నవ్వుతున్నారండీ!"

మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఫైరు వాళ్ళు హెల్మెట్లు ముఖాలకి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"ఆ కాగితం తెండి, సంతకం పెడతాను," అంది మేడమ్, కళ్ళు తుడుచుకుంటూ. "రేపట్నుంచి నాలుగు మాటలు కాదు. నలభై రాసినా సరే. ముందు నన్ను లేపండి."

అయ్యో పిన్ని చెయ్యందించి లేపింది. సంతకం అయ్యేదాకా ఆ పెన్నులో సిరా ఉందో లేదోనని ఊపిరి బిగబట్టుకుని చూసింది. ఉంది. వెనక నుంచి మాస్టారు విరిగిన మీట నొక్కిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు.

"నా మీద కోపమా?" అంది తల్లి. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తోంది. జవాబు లేదు. "నొప్పిగా ఉందా?" జవాబు లేదు. "గంట దాటింది కదే. మాట నిజంగానే పడిపోయిందా?" రెండు స్టాపులు గడిచాయి. మూడోది కూడా గడిచింది. తల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలా అని లెక్కలు వేసుకుంటోంది.

కూతురు మెల్లగా దూది తీసి రుమాల్లో చుట్టింది. దవడ అటూ ఇటూ కదిపి చూసుకుంది. తల తెచ్చి తల్లి భుజం మీద ఆనించింది.

"రేపు కూడా నువ్వే చెబుదువుగాని అమ్మా," అంది ముద్దముద్దగా. "ఈసారి కుర్చీని కూడా అనుమానించు."