పిన్ని సూటి చూపు

కళ్ళు ఎవరిచ్చినా, చూపు మాత్రం ప్రభుత్వానిదే. ఫొటోలో కిందికి చూసే పౌరుడు తప్పు చేసినవాడు, పైకి చూసేవాడు కళ్ళు నెత్తికెక్కినవాడు, పక్కకి చూసేవాడు పారిపోయే ఆలోచనలో ఉన్నవాడు. సూటిగా చూసేవాడే మనిషి. (మరీ సూటిగా చూస్తే ప్రశ్నలు అడిగే రకం. అదీ చెల్లదు.)

వీధి చివరి స్టూడియో ఫొటోగ్రాఫరుకు ఈ శాస్త్రమంతా కొట్టిన పిండి. లైటు ఒక జానెడు ఇటు జరిపి పిసినారిని దాతను చేయగలడు, అటు జరిపి అమాయకుణ్ణి దొంగను చేయగలడు. అలాంటివాడు సొంత పిన్ని ఫొటో దగ్గర బోల్తాపడ్డాడు.

పిన్నికి రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. జీవితమంతా బట్టలు కుట్టి బతికిన మనిషి, ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. మొన్న అతని చొక్కా గుండీ ఊడితే, మెడ దగ్గర కుట్టాల్సింది పోయి జేబు మీద కుట్టింది. అతను ఆ చొక్కా అలాగే వేసుకు తిరుగుతున్నాడు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందనీ, ఆలస్యమైతే కష్టమనీ కంటి డాక్టరు చెప్పాడు. ఆసుపత్రికి కావలసిందల్లా కొత్త గుర్తింపు కార్డు. కార్డుకు కావలసిందల్లా సూటి చూపు.

మొదటి ఫొటోలో పిన్ని కెమెరాను వదిలేసి ఫ్యానును చూసింది. కార్డుల కార్యాలయంలో చూపుల పరిశీలకుడని ఒక అధికారి ఉన్నాడు. (ఎదుట ఉన్న మనిషిని చూడకుండా ఫొటోను మాత్రమే చూడగలగడం ఆ పదవికి అర్హత.)

"ఈవిడ ఎవర్ని చూస్తోంది?" అన్నాడాయన.

"ఎవర్నీ చూడట్లేదండీ. పాపం, కనబడదు."

"కనబడకపోయినా సూటిగా చూడొచ్చు కదా?"

"ఆ కళ్ళు బాగుచేయించడానికే సార్, ఈ కార్డు."

"అయితే బాగుచేయించుకుని రమ్మనండి. ఫొటో కూడా బాగా వస్తుంది."

"కార్డు లేందే ఆపరేషన్ చేయరు కదండీ!"

"అది ఆసుపత్రి వాళ్ళ నిబంధన. పక్క శాఖను తప్పుపట్టడం నాకు అలవాటు లేదు," అన్నాడు పరిశీలకుడు, ఎంతో సంస్కారంగా.

ఫొటోగ్రాఫరు లైటు ఎదురుగా పెట్టి మళ్ళీ తీశాడు. పొరలు తెల్లగా మెరిశాయి. 'కంటిలో అనధికార కాంతి' అని తిప్పి పంపారు. లైటు పక్కకు జరిపాడు. "సగం ముఖం నీడలో దాచారు. సగం కార్డు ఇమ్మంటారా?" అన్నాడు పరిశీలకుడు. ఆ తర్వాత ఫొటోగ్రాఫరు కెమెరా వెనక నిలబడి, "పిన్నీ, ఇటు, నా వైపు," అని పిలిచి తీశాడు. చూపు సూటిగానే వచ్చింది గాని, అందులో ప్రేమ ఉంది. "ప్రభుత్వాన్ని ఇంత ప్రేమగా ఎవరూ చూడరండీ. అనుమానించాల్సి వస్తుంది," అని అదీ తోసిపుచ్చారు.

ఫొటోగ్రాఫరుకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కిటికీకి పల్చటి గుడ్డ కట్టాడు, వెలుతురు ముఖం మీదికి తిరిగేలా గడ్డం కింద థర్మోకోల్ షీటు పెట్టాడు, లైటును అంగుళం అంగుళం జరిపాడు. పొరలు మాయమయ్యాయి. లెన్సు పక్కకు నోరు తెచ్చి, "పిన్నీ, ఇక్కడ ఆ పరిశీలకుడు నిలబడ్డాడనుకో," అన్నాడు.

పిన్ని ముఖంలోంచి ప్రేమ పోయింది. కోపం ఇంకా రాలేదు. ఆ సందులో క్లిక్ మనిపించాడు.

ఫొటోలో పిన్ని వెనకటి పిన్నిలాగే ఉంది. మనిషిని చూసి, టేపు లేకుండానే కొలత చెప్పే నాటి చూపు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. జన్మలో ఇంత మంచి ఫొటో తీయలేదు.

"ఇదీ చూపంటే!" అన్నాడు పరిశీలకుడు. కార్డు ఇవ్వడమే కాదు, పౌరులందరూ ఇలా చూడడం నేర్చుకోవాలని ఆ ఫొటోను నోటీసు బోర్డుకెక్కించాడు.

ఫొటోగ్రాఫరు పొంగిపోతూ పిన్ని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆమెను స్తంభం పక్క బెంచీ మీద కూర్చోబెట్టి, కౌంటరులో కార్డు ఇచ్చాడు. అక్కడి అధికారిణి కార్డును ఎత్తి పట్టుకుని చూసింది.

"ఆపరేషన్ ఈ కళ్ళకా?"

"అవునండీ."

"ఇంత శుభ్రంగా, ఇంత సూటిగా చూస్తున్నారు. ఇంకేం చూడాలండీ ఆవిడ?"

"అయ్యో, అది లైటు మహిమండీ! నేనే తీశాను. కావాలంటే ఆవిణ్ణే చూడండి, అదిగో, అక్కడే ఉంది!"

అధికారిణి తలెత్తలేదు. "ఫొటోలో కళ్ళు ఉన్నవున్నట్టు పడ్డాయంటే ఆపరేషన్ అక్కర్లేదు. మీరేదో చేశారంటే కార్డు చెల్లదు. ఏది రాయమంటారు?"

అతను జేబు మీది గుండీ పట్టుకుని నిలబడిపోయాడు.

బెంచీ మీంచి పిన్ని లేచి, స్తంభానికేసి సూటిగా చూస్తూ అడిగింది.

"ఏమంటోందిరా ఆవిడ?"

"ఫొటో చాలా బాగుందంటోంది పిన్నీ."