ప్యాంటు వెనకాల నడక

ఆ రోజు దర్జీగారి కార్యక్రమం చాలా చిన్నది: పార్కులో నడవడం, ఇంటికొచ్చి కాఫీ తాగడం. గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకున్న దగ్గర్నుంచి ఆయన బతుకు ఈ రెండు ముక్కలకే కుదించుకుపోయింది. షాపు తాళంచెవి భార్య గుప్పిట్లో ఉంది.

ఆవిడ పట్టుదలకు కారణం లేకపోలేదు. ముఖాలు మరిచినా కొలతలు మరవని మనిషి, ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక పెళ్ళికొడుకు కోటును అతని తండ్రి కొలతలకు కత్తిరించి కూర్చున్నారు. "గుండె నీరసిస్తే మెదడుకీ రక్తం సరిగ్గా అందదు. రోజూ నడవండి, రెండింటికీ మంచిది" అన్నాడు డాక్టరు. భార్య ఆ మందుచీటీకి ఒక షరతు తగిలించింది.

"పాత గిరాకీల్లో ఒక్కరి కొలతలైనా తడుముకోకుండా చెప్పండి, తాళం ఇచ్చేస్తా. ఈ నెలాఖరులోగా చెప్పలేకపోతే షాపు అద్దెకిచ్చేస్తా."

షాపు పోతే తాను మిగలనని దర్జీగారికి తెలుసు. అందుకే దిగులుగా నడుస్తున్నారు. అంతలో తన ముందు ఒక బూడిదరంగు ప్యాంటు పోతూ కనిపించింది. అందులో మనిషి కూడా ఉన్నాడు గానీ, ఈయన కంటికి ఆనింది ప్యాంటే. ఆ కుట్టు తనదే! ఎవరికి కుట్టారో మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పిలిచి అడిగితే అది పరీక్షలో కాపీ కొట్టినట్టే. అందుకని అలవాటుకొద్దీ మెడలో వేసుకొచ్చిన కొలత టేపు తీసి, దూరం నుంచే కొలత చూసుకుంటూ వెంటపడ్డారు.

ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. ఎవడో తన నడుము వంకే గుడ్లప్పగించి చూస్తూ, రెండు చేతులా తాడులాంటిదేదో సాగదీస్తున్నాడు. అతని పైప్రాణాలు పైనే పోయాయి. అడుగు వేగం పెంచాడు. దర్జీగారూ పెంచారు. అతను పరుగందుకున్నాడు. ఈయన డాక్టరు మాట జవదాటకుండా నడకలోనే, కానీ ఎన్నడూ లేనంత జోరుగా, వెనకే వెళ్ళారు.

భర్త దారి తప్పుతాడేమోనని భార్య రహస్యంగా తన తమ్ముణ్ణి కాపలాకు పంపింది. పొదచాటున బిస్కెట్లు నములుతున్న ఆ బావమరిది ఈ జోరు చూసి అదిరిపడ్డాడు. "బావా, ఆగు! ఎవరైనా పట్టుకోండి బాబూ!" అని అరుస్తూ పొట్ట పట్టుకుని ఉరికాడు. ముందు పరుగెత్తేవాడే దొంగ అనుకోవడం పార్కు కాపలావాడి వృత్తిధర్మం. ఈల ఊదుతూ వాడు బూడిదరంగు ప్యాంటు మీదికి లంఘించాడు. పార్కులో ఉన్నవాళ్ళంతా వాడి వెనకే పడ్డారు.

పెద్దమనిషి పోయి పోయి, గేటు దగ్గర బెంచీ మీదున్న తన భార్య వెనక దాక్కున్నాడు.

"ఏమయ్యా, మా ఆయన ఏం ఎత్తుకుపోయారని ఇంతమంది తరుముతున్నారు?" అని ఆవిడ గద్దించింది.

జవాబు చెప్పడానికి ఎవరికీ ఊపిరి ఆడటం లేదు, దర్జీగారికి తప్ప. ఆయన ముఖం చేటంతయింది.

"గుర్తొచ్చింది! నడుము ముప్పై ఎనిమిది, పొడవు నలభై, ఎడమకాలు అరంగుళం తక్కువ! బెల్టు పట్టీ లోపల దొంగజేబు! 'మా ఆవిడకి తెలియకూడదు, ప్రతి ప్యాంటుకీ పెట్టు' అన్నారు కదండీ!"

ఆనందంతో దర్జీగారి కళ్ళు చెమ్మగిల్లాయి. పెద్దమనిషి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, కారణం వేరు.

"బావా, నీ గుండెకేం కాలేదు కదా?" అని గడ్డిలో వెల్లకిలా పడ్డ బావమరిది రొప్పుతూ అడిగాడు.

"నాది నిక్షేపంలా ఉందిరా. ముందు నీది చూపించుకో."

కథంతా తమ్ముడి నోట విని, దర్జీగారి భార్య తాళంచెవి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. మర్నాడు తమ్ముణ్ణి కూడా నడకకు తోలింది, ఈసారి కాపలాకు కాదు.

దర్జీగారు షాపు తెరిచేసరికి మొదటి గిరాకీ గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దమనిషి భార్య! సంచీ నిండా ప్యాంట్లు తెచ్చి, దొంగజేబులన్నీ విప్పేయమంది. కూలి ఆ జేబుల్లో దొరికిన దాంట్లోంచే ఇచ్చింది.