ఎండని పరుపులు

వస్తువు పనికిరాకుండా పోయినంత మాత్రాన చెత్త అయిపోదు. దాన్ని చెత్తగా ఒప్పుకునే వాళ్లుండాలి. హాలండులోని వెస్ట్‌లాండ్ ప్రాంతంలో ఆ భాగ్యం 'వాడేసిన సాగు సామగ్రి పరిశీలన కార్యాలయా'నికి దక్కింది.

టమాటాలు పండించే టూనిస్‌కు ఈ సంగతి ముసలితనంలో తెలిసింది. అతని గ్రీన్‌హౌస్‌లో మట్టి ఉండదు. రాయిని కరిగించి వడికిన ఉన్ని పరుపుల మీద మొక్కలు ఎరువునీళ్లు తాగి బతుకుతాయి. ఆ పరుపులకు తెగులు పోయేలా ఆవిరి పట్టి రెండో ఏడు కూడా వాడాడు. ఇక వాటిలో సత్తువ లేదు. సోమవారం కొత్త పరుపులు, నారు వస్తాయి. ఆలోగా పాతవి కదలకపోతే ఈ ఏడు పంట లేనట్టే.

కార్యాలయం నుంచి రెన్స్కె అనే అధికారిణి వచ్చింది. టూనిస్ భార్య ఆల్చె కాఫీ పోసి, ఒక బిస్కెట్ ఇచ్చి, డబ్బా మూత పెట్టేసింది. (అక్కడ మర్యాద కొలత అంతే.)

రెన్స్కె ఒక పరుపును వేలితో నొక్కింది. నీళ్లు కారాయి. తడిగా ఉన్నంతవరకు అది చెత్త కాదని, నీళ్లని, నీళ్లు వేరే శాఖ చూసుకుంటుందని చెప్పింది. బయట ఆరబెడతానన్నాడు టూనిస్. బయట పెడితే చెత్త పారబోసిన నేరమంది.

"ఇప్పుడేగా తల్లీ, చెత్త కాదన్నావు" అంది ఆల్చె.

"గడప దాటితే అవుతుందండీ" అంది రెన్స్కె, బిస్కెట్ పొడి దులుపుకుంటూ.

సరేనని టూనిస్ పరుపులన్నీ లోపలే గుట్ట వేసి, వేడి పెంచాడు. తడి, వేడి, పైన గాజు. టమాటాకు ఇంతకన్నా ఏం కావాలి? ఎప్పుడో రాలిన గింజ ఒకటి గుట్ట మీద మొలిచింది.

శుక్రవారం రెన్స్కె వచ్చేసరికి టూనిస్ దాన్ని పీకబోతున్నాడు.

"ముట్టుకోకండి" అంది. మూడో ఏడు కూడా పరుపులు వాడుకున్న రైతు ఆ ప్రాంతంలో ఇంతవరకు లేడట. గుట్ట చుట్టూ తాడు కట్టించి, 'సాగులో ఉంది, కదపరాదు' అని బోర్డు పెట్టించింది. నీటి గొట్టాలన్నీ గుట్టకే తిప్పాలంది. సాగు జరిగే చోట తప్ప మరోచోట నీళ్లు పోస్తే వృథా కింద లెక్క.

"ఒక్క మొలకకా?" అన్నాడు టూనిస్.

"పంటకు చిన్నా పెద్దా ఏముందండీ."

సోమవారం కొత్త పరుపులు, నారు వచ్చాయి. గుట్ట కదలక, పరిచే చోటు లేక నారు నడవలో పెట్టెల్లోనే ఉండిపోయింది. టూనిస్ చాటుగా చెంబుతో నీళ్లు పోయబోతే నీటి శాఖ మనిషి చెంబు పట్టుకుపోయాడు. మొదట ఆకులు వాలాయి. తర్వాత కాడలు. ఆల్చె అటు వెళ్లడం మానేసింది.

మళ్లీ వచ్చినప్పుడు రెన్స్కె ఒక నారుమొక్కను వేళ్ల మధ్య నలిపింది. గలగలమంటూ పొడి అయింది. ఆమె ముఖం విప్పారింది. ఎండిన నారును ఎత్తుకుపోవడానికి ఫోన్ చేసి లారీ పిలిపించింది. అది ఆ పూటే వచ్చింది.

"చూశారా, ఇలా ఎండబెట్టాలి. మొన్ననే పరుపులను కూడా ఇలా చేసి ఉంటే మీకింత శ్రమే ఉండేది కాదు" అంది.