నాలుగో గది గడియ

ఆ ఉదయం రజిని పెట్టుకున్న ఆశ చాలా చిన్నది. తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ సంతకం పెట్టాలి, కూలీల కోసం సర్కారు కట్టిన గదులు తెరవాలి, తనూ రాఘవా నాలుగో గదిలో లోపల గడియ వేసుకోవాలి. పెళ్లయి ఎనిమిది నెలలు. సీతారామపురం నుంచి కలిగిరికి పొగాకు పనికొచ్చి మూడు నెలలు. ఈ మూడు నెలలూ ఆడవాళ్లు వరండాకు ఈ కొసన, మగవాళ్లు ఆ కొసన. మధ్యలో ఎనిమిది కొత్త గదులు, ఎనిమిది తాళాలు. కట్టుకున్నవాడితో ఒక్క మాట మనసారా మాట్లాడక ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

తాళాలు వేసింది కాపలాదారు పెంచలప్రసాద్. నిబంధనల కాగితంలో "గదులు శుభ్రముగా ఉంచవలెను" అన్న ముక్క ఆయనకు కంఠతా వచ్చు. మనుషులుంటే ఇక శుభ్రమెక్కడిది?

మగవాళ్లు చేనికి పోయాక ఆఫీసరు రేణుకాదేవి జీపు దిగింది. కిటికీలోంచి తొంగిచూసి, "ఒక్క గదిలోనూ మనుషులున్న జాడే లేదేం? అక్కర్లేకపోతే ఎరువుల గోడౌనుకు ఇచ్చేస్తాం. టీ తాగొస్తాను, తెరిచి ఉంచండి" అంది.

పెంచలప్రసాద్‌కు ముచ్చెమటలు పట్టాయి. తాళాలు వానలకు తుప్పుపట్టి బిగుసుకున్నాయి. నాలుగోది ఒక్కటే తెరుచుకుంది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేది అందులోనే.

"రజినీ! నీ సామాన్లు తెచ్చి సర్దు మే! కాపురముండేటట్టు కనపడాల!"

ఆమె పరుగున గడపలో ముగ్గేసింది. గోడకు అద్దం, కొక్కేనికి రాఘవ నీలం చొక్కా తగిలించింది. గడియ ఒక్కసారి వేసి చూసుకుంది. ఆ చప్పుడుకే కళ్లు చెమర్చాయి.

తీసేసరికి ఎదురుగా ఏడుగురు ఆడవాళ్లు, మూటలతో.

"గోడౌన్ చేస్తే మేం ఏడకి పోవాల? మావి కూడా పెట్టుకో మే!"

తలా ఒక మూట దించి, తలా ఒక మొగుడి చొక్కా తగిలించారు.

ఆఫీసరమ్మ వచ్చి లెక్కపెట్టింది. "గదికి నలుగురే ఉండాలి. ఎనిమిది చొక్కాలెవరివి?"

"అన్నీ ఈమె మొగుడివే మేడమ్. సోకులెక్కువ," అన్నాడు పెంచలప్రసాద్.

సరిగ్గా అప్పుడే సద్ది కోసం చినిగిన బనీనుతో వచ్చాడు రాఘవ. "ఏందియ్యి, ఈ చొక్కాలెవరివి మే?" అన్నాడు.

ఆఫీసరమ్మ ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు. "నాలుగో గదిలో కిక్కిరిసి ఉంటున్నారు. విచారణయ్యేదాకా సీలు వేయండి. మిగతా గదులో?"

"వాటిల్లో ఉండేవాళ్లు తాళాలేసుకొని పనికి పోయినారు మేడమ్," అన్నాడు పెంచలప్రసాద్.

"కిటికీలోంచి చూశాను, ఎంత శుభ్రంగా ఉన్నాయో! వాటిని అలాగే ఉంచండి," అని సంతకం పెట్టింది.

సామాన్లు లోపలుండగానే నాలుగో గదికి సీలు పడింది. జీపు పోయింది. రజిని కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. రాఘవ దగ్గరికొచ్చి, "ఇప్పుడేం చేద్దాం మే?" అన్నాడు.

"చేసేదేముండాది? మన కాపురం గదిలోనే ఉండాది. మనమే బయట ఉండాం."