పిచ్చుక ముక్కు కారిన వారం

మూడో అంతస్తు ఎడమవైపు ఇంట్లో, పిచ్చుక అనే ముద్దుపేరు గల రెండేళ్ల పాప ముక్కు కారుతున్నదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది పాప తల్లి. కానీ ఆమె ఆ ఇంటి కోడలు, పైగా ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కాబట్టి ఆమె కనిపెట్టింది లెక్కలోకి రాదు. అత్తగారు వచ్చి, కళ్లజోడు సవరించుకుని, మనవరాలి గడ్డం పట్టి పైకెత్తి, "దీనికి జలుబు చేసిందే!" అని ప్రకటించాకే పిచ్చుకకు అధికారికంగా జలుబు చేసింది.

వెంటనే విచారణ మొదలైంది. ఫ్యాను వేసి పడుకోబెట్టినందుకే వచ్చిందని అత్తగారు, ఫ్యాను వేయక ఉక్కలో చెమట పట్టించినందుకే వచ్చిందని భర్త వాదించారు. తల తడిపినందుకని ఒకరు, రెండు రోజులుగా తల తడపనందుకని మరొకరు. వాదనలు ఎదురెదురుగా ఉన్నా దోషి ఒక్కరే కావడంతో తీర్పు చెప్పడం సులువైంది. అంతకుముందు వారమంతా భర్త తుమ్ముతూ, చీదుతూ, ఆ మూతితోనే పాపను ముద్దులాడుతూ తిరిగిన మాట ఎవరికీ గుర్తు రాలేదు. సంపాదించే మనిషి జలుబు ఎవరికీ అంటుకోదు. అది గౌరవంగా వచ్చి, గౌరవంగా పోతుంది.

కోడలికి పిచ్చుకే మొదటి బిడ్డ. ఇల్లంతా జలుబు అంటుంటే ఆమె లోపల ఇంకా పెద్ద పెద్ద పేర్లు మెదిలాయి. పిల్లను చంకనేసుకుని సందు చివరి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఆ డాక్టరమ్మ చేసిన ఘోరం ఇది: గొంతు చూసింది, చెవులు చూసింది, గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది, విని, మందు రాయలేదు.

"జలుబేనమ్మా. వారం పది రోజుల్లో అదే పోతుంది. కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండు, ముక్కు తుడుస్తూ ఉండు. చీమిడి పచ్చబడితే కంగారు పడకు, అది మామూలే. నేను చెప్పకుండా దగ్గుమందులూ జలుబుమందులూ పొయ్యకు. కానీ ఎగశ్వాస వచ్చినా, డొక్కలు ఎగరేసినా, తాగడం మానేసినా, మత్తుగా పడి ఉన్నా ఒక్క నిమిషం ఆగొద్దు, తీసుకొచ్చెయ్. జ్వరం పట్టుకుని వదలకపోయినా అంతే."

కోడలు ఆ మాటలన్నీ మనసులో ముడివేసుకుని ఇంటికి వచ్చింది. ఇల్లు ఆమె చేతుల వంక చూసింది. చేతుల్లో పిల్ల తప్ప ఏమీ లేదు.

"మందులేవే?" అన్నారు అత్తగారు.

"అక్కర్లేదన్నారు అత్తయ్యా."

"అక్కర్లేదనడానికి డాక్టరెందుకు? ఆ మాట మన పాలవాడైనా చెప్తాడు!"

"నువ్వు సరిగ్గా చెప్పి ఉండవు," అన్నాడు భర్త. ఆయన బీమా కార్యాలయంలో గుమాస్తా. ప్రమాదాల గురించి ఆయనకు తెలియనిది లేదు. "జలుబు అని మెల్లగా చెప్తే వాళ్లూ మెల్లగానే చూస్తారు. కాస్త ఏడుస్తూ చెప్పాలి."

మందు రాయని డాక్టరు ఉన్నదన్న వార్త మెట్ల మీదుగా పాకింది. ఆ సాయంత్రానికే సానుభూతి చూపేవారు రాసాగారు. ఆ భవనంలో ఒక మంచి సంప్రదాయం ఉంది: జలుబు చేసిన పిల్లను చూడవచ్చినవారు ముందుగా అరచేతి వెనకవైపు నుదుటికి ఆనించి, జ్వరం ఎంతో చెప్పాలి. ఎదురింటావిడ నూటొకటి అన్నది. అత్తగారు నూట రెండు అన్నారు. కోడలు థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరమే లేదన్నది. ముగ్గురిలో అందరికన్నా చిన్నది, గాజుది కూడా అయినందువల్ల థర్మామీటరు మాట కొట్టివేయబడింది.

రెండో సంప్రదాయం, వచ్చేవారు వట్టి చేతులతో రాకూడదు. ఎదురింటావిడ తన కొడుక్కి నిరుడు పోయగా మిగిలిన సగం సీసా తెచ్చింది. భర్త మందుల షాపువాడిని వైద్యసలహా అడిగి ఒక సీసా తెచ్చాడు. అత్తగారు బీరువా అడుగు నుంచి పేరు చెరిగిపోయిన సీసా ఒకటి తీశారు. దాని గొప్పతనం ఏమిటంటే, అది దేనికిచ్చారో మరిచిపోయినందువల్ల అన్నిటికీ పనిచేస్తుంది.

పై అంతస్తులోని రిటైర్డు హెడ్మాస్టరు మందు తేలేదు, ఉపన్యాసం తెచ్చారు.

"అమ్మాయీ! జలుబు అల్పమైనదని ఉపేక్షించకు. నిప్పురవ్వ చిన్నదే, అడవిని కాల్చదూ? నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్ని వేల ముక్కులు చూశాను! జలుబంటే ఏమిటి? నీరు. నీటికి మళ్లీ నీరు తోడైతే ఏమవుతుంది? వరద! కనుక పాపకు నీళ్లు ఆపు. ఇది తర్కం. తర్కానికి తిరుగులేదు."

అత్తగారు చేతులు జోడించారు. పిచ్చుక గ్లాసు కోసం చేయి చాచింది. తాగడం మానేస్తే పరుగెత్తుకు రమ్మన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, కోడలు పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లి, తర్కానికి కనపడకుండా నాలుగు గుక్కలు తాగించింది.

అక్కడే ఆమె సీసాలు వరసగా పెట్టి చూసింది. భర్త తెచ్చినదీ, ఎదురింటావిడ ఇచ్చినదీ పేర్లు వేరు. రంగు ఒకటే, వాసన ఒకటే. రెండూ పోస్తే పిల్ల మత్తుగా పడుకుంటుంది. అందరూ "హమ్మయ్య, నెమ్మదించింది" అంటారు. అది నెమ్మదో, డాక్టరమ్మ చెప్పిన మత్తో తనకెలా తెలియాలి?

పొయ్యనంటే పెద్దల మాట కాదన్నట్టు. పోస్తే పిల్లకేమవుతుందో. ఆలోచించి, అటు తిరిగి చెంచాడు మందు తూములో పోసి, కాచి చల్లార్చిన నీళ్లు చెంచాతో పిల్ల నోట్లో పోసింది. "పోశానత్తయ్యా," అన్నది. ఏం పోసిందో ఎవరూ అడగలేదు. ఇలా మూడు సీసాలూ పూటపూటా క్రమశిక్షణతో వాడబడ్డాయి. ఆ వారమంతా వంటింటి తూముకు ఒక్క తుమ్ము రాలేదు.

అయినా ఆమెకు నిద్రలేదు, నిమ్మళం లేదు. పిల్ల నిద్రపోతుంటే చొక్కా పైకెత్తి డొక్కలే చూస్తూ కూర్చునేది. నేనే తప్పయితే? ఇంతమంది ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు. అంతమందీ తప్పవుతారా? అలా కూర్చుంటే అత్తగారు గుమ్మంలోంచి, "చూడు, నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చుందో!" అని ఎదురింటావిడకు చూపించేవారు.

ఇంతలో చీమిడి పచ్చబడింది.

అత్తగారు ఆ రుమాలును కిటికీ వెలుగులో పెట్టి అందరికీ చూపించారు. ఆదివారం కావడంతో అందరూ ఇళ్లలోనే ఉన్నారు. ముందుగదిలో సర్వసభ్య సమావేశం జరిగింది. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లి, పట్టుబట్టి ఇంజెక్షన్ చేయించాలని హెడ్మాస్టరు ప్రతిపాదించగా ఎదురింటావిడ బలపరిచింది. తీర్మానం ఏకగ్రీవం. కోడలు సభ్యురాలు కాదు.

"మామూలే అన్నారండీ డాక్టరమ్మ," అన్నది ఆమె భర్తతో. "ఆడుకుంటోంది, తాగుతోంది, ఊపిరి బాగానే..."

"ఊపిరి సంగతి నీకేం తెలుసు?" అన్నాడు భర్త. "చదువుకున్నవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వెందుకు?"

కోడలు పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది.

"సరేనండీ, పదండి. కానీ సూదేసేటప్పుడు నేను పట్టుకోలేను, నాకు చేతులు వణుకుతాయి. మీరు పట్టుకోండి."

భర్త మొహం తెల్లబోయింది. పెళ్లికి ముందు రక్తపరీక్షలో సూది చూసి కళ్లు తిరిగి పడిపోయినవాడాయన. పిల్లను మెల్లగా తన తల్లి ఒళ్లోకి జరిపాడు.

"నేనా? దాని ఏడుపు నేను చూడలేనమ్మా," అని పిల్లను ఒళ్లోంచి దింపారు అత్తగారు. ఎదురింటావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. హెడ్మాస్టరు గారికి నడుమునొప్పి ఉన్నదన్న సంగతి సభకు అప్పుడే తెలిసింది. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేదెవరు?

"అసలు జలుబుకి ఇంజెక్షన్ ఏంటి?" అన్నాడు చివరికి భర్త. "రెండు రోజులు చూద్దాం. తొందరెందుకు?"

హెడ్మాస్టరు లేచి, వేచి చూడడంలోని వివేకం గురించి చిన్న ఉపన్యాసమిచ్చి సభను ముగించారు.

ఆ రెండు రోజులూ తిరక్కముందే పిచ్చుక ముక్కు ఆరింది. కుర్చీ ఎక్కి థర్మామీటరు పగలగొట్టేంత ఆరోగ్యం వచ్చింది. గాజుముక్కలు ఊడ్చాక ఇంట్లో విజయోత్సవం లాంటిది జరిగింది. తన సీసా వల్లే అని ఎదురింటావిడ, బీరువా సీసా వల్లే అని అత్తగారు, షాపువాడిది మంచి హస్తవాసి అని భర్త, నీళ్లు ఆపించడం వల్ల అని హెడ్మాస్టరు. పట్టు విడుపు గల మనుషులు కాబట్టి చివరికి విజయాన్ని సమానంగా పంచుకున్నారు. తల్లి మాత్రం ఇకనైనా జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించారు.

ఆ మర్నాడు కోడలు తుమ్మింది.

వారమంతా రాత్రీ పగలూ ఆ ముక్కే తుడిచిన మనిషి కదా, మరి. ముక్కు దిబ్బడ, ఒళ్లునొప్పులు, గొంతులో గరగర. గోడకు ఆనుకుని, "అత్తయ్యా, నాకూ జలుబు చేసినట్టుంది. కాస్త పడుకుంటాను," అన్నది.

ఎవరూ నుదుటి మీద చేయి పెట్టలేదు. ఏ సీసా బయటికి రాలేదు.

"జలుబే కదే!" అన్నారు అత్తగారు. "దానికి మందేంటి, మంచమేంటి? వారం తిరిగేసరికి అదే పోతుంది. లేచి టీ పెట్టు, హెడ్మాస్టరు గారు వచ్చారు."

"అంతే అంతే," అన్నారు హెడ్మాస్టరు కుర్చీలో సర్దుకుంటూ. "కాస్త నీళ్లు ఎక్కువ తాగు అమ్మాయీ. చక్కెర తక్కువ వెయ్యి, నా టీలో."

కాబట్టి ఆ ఇంట్లో జలుబు వైద్యం తెలియనివారు ఎవరూ లేరని పాఠకులు గమనించగలరు. మీ ఇంట్లోనూ ఉండరు. కావాలంటే ఒకసారి అటు చెవి పెట్టి వినండి, వంటింట్లో ఎవరో తుమ్మినట్టున్నారు.