ప్రభువుగారి కాళ్ళ గుండా పోయిన బంగారం

“ఈ క్షణం నుంచి ఫ్లిట్టెన్‌బెర్గ్ దేశపు బంగారం రవ్వంతైనా సరిహద్దు దాటరాదు. దాటిన బంగారాన్ని దేశద్రోహిగా పరిగణించి శిక్షించడమగును!”

మంత్రివర్యులు బారన్ ఫాన్ ట్రోడెల్ గారి ఈ చారిత్రక ప్రకటనను మా ముకెన్‌డార్ఫ్ చర్చి ముందు దండోరా వేసి వినిపించారు. జనం చప్పట్లు కొట్టారు. మాలో చాలామంది బంగారం చూసినవాళ్ళు కాదు కాబట్టి, అది పోకుండా కాపాడ్డం చాలా తేలికనిపించింది.

మా దేశం మరీ పెద్దదేం కాదు. ప్రభువుగారు మేడ మీద గట్టిగా తుమ్మితే మూడు పరాయి దేశాల వాళ్ళు “చిరంజీవ” అంటారు. అయినా బారన్ గారి బుర్రకి ఆ ఎల్లలు లేవు. ఆయన పారిస్‌లో అచ్చైన లావుపాటి అర్థశాస్త్ర గ్రంథాన్ని సగం దాకా చదివిన మహానుభావుడు. మిగతా సగం చదివితే అనుమానాలొస్తాయని ఆపేశారట.

ఆ సూత్రమేమిటో మాలాంటివాళ్ళకి బోధపరచడానికి ఆయన నా దగ్గర ఒక ఖాళీ పీపా అరువు తీసుకున్నారు. నేను పీపాలు చేసేవాణ్ణి. చర్చి మెట్ల మీద పెట్టి, దాని చిల్లులన్నిటికీ బిరడాలు బిగించారు.

“ఇదీ దేశం. లోపలికొచ్చింది లోపలే ఉండాలి. బయటికి చుక్క పోకూడదు. అర్థమైందా?”

“అయింది బాబూ. మరి పైనుంచి పోసేదెవరు?” అన్నాను.

“పక్క దేశాలవాళ్ళు.”

“వాళ్ళు కూడా బిరడాలు బిగిస్తేనో?”

బారన్ గారు నన్ను జాలిగా చూశారు. “అంత తెలివే ఉంటే వాళ్ళు పక్క దేశం వాళ్ళెందుకవుతారయ్యా?”

నేను నా పీపా చిల్లులు మరోసారి లెక్కపెట్టుకున్నాను.

ఇక దేశంలో చిల్లులు వెతకడం మొదలైంది. కాఫీ ఒక చిల్లు అన్నారు. కాఫీ మానేసి వేయించిన ఓక్ చెట్టు గింజల కషాయం తాగాం. దేశభక్తి ఎంత చేదుగా ఉంటుందో అప్పుడే తెలిసింది. మిరియాలు ఒక చిల్లు అన్నారు. మానేశాం. అయినా కారుతూనే ఉంది. చివరికి బారన్ గారు ఒకనాడు ప్రభువుగారు గుర్రం ఎక్కుతుంటే కింద నిలబడి, పెద్ద కేక పెట్టారట.

“దొరికింది! బంగారమంతా ఇదిగో, ఈ రెండు కాళ్ళ గుండా పోతోంది!”

డ్యూక్ లెబ్‌రెహ్ట్ ప్రభువు కంగారుగా తన కాళ్ళు చూసుకున్నారు. వాటికి ఫ్రెంచి పట్టు మేజోళ్ళున్నాయి. ప్రభువుగారివి పుష్టిగల పిక్కలు. ఆ పిక్కలకి సరిపడా పట్టు ఫ్రాన్సు నుంచి దిగుమతి అయ్యే లెక్కన, సగం ఖజానా ఆయన మోకాళ్ళ కిందే ఖర్చవుతోందని తేలింది.

మేజోళ్ళు వేసుకోవడం మానమని ప్రభువుకి ఎవరు చెబుతారు? కాబట్టి దేశంలోనే పట్టు పండించాలన్నారు. పట్టుపురుగులు కావాలి. పురుగులకి మల్బరీ ఆకు కావాలి. ఏప్రిల్ దాకా మంచు కురిసే మా ఊళ్ళో మల్బరీ మొలవదని పాస్టరు గారు మనవి చేసుకుంటే, “మంచుకి ప్రభువుగారి ఆజ్ఞ ఇంకా చేరలేదు, అంతే,” అన్నారు బారన్ గారు.

అలా ఆయన ఎండపడే జాగాలు వెతుక్కుంటూ మా పక్కింటి వాల్‌బుర్గా పెరట్లోకి వచ్చారు. వాల్‌బుర్గా భర్త పోయి చాలాకాలమైంది. అతను నాకు అన్నలాంటివాడు కాబట్టి నేనామెను వదినా అంటాను. ఆమె నన్ను ఏమైనా అంటుంది. ఆవిడకున్న ఆస్తి ఒక పంది, ఒక బేరిచెట్టు. ఆ చెట్టు పండ్లు ఎండబెట్టుకుని శీతాకాలమంతా తింటుంది, కొన్ని అమ్ముకుంటుంది. పెళ్ళినాడు భర్త నాటిన చెట్టు అది. అది లేకపోతే మంచు నెలల్లో ఆవిడకి మిగిలేది పందితో కబుర్లే.

“ఈ చెట్టు కొట్టేసి ఇక్కడ మల్బరీ వేయాలి,” అన్నారు బారన్ గారు.

“ఎందుకు బాబూ?”

“ప్రభువుగారి కాళ్ళ కోసం.”

“ఆయన కాళ్ళకి నా పొట్టకి ఏమిటి సంబంధం?”

“అదేనమ్మా అర్థశాస్త్రం!”

“అయితే ముందు మీ విగ్గు కొట్టేయండి. అదీ ఫ్రెంచిదేగా?”

బారన్ గారు విగ్గు సవరించుకుని, ఆమె ధైర్యానికి ముచ్చటపడి ఒక అవకాశమిచ్చారు. ప్రభువుగారి పుట్టినరోజు లోపల ముకెన్‌డార్ఫ్ నుంచి ఒక జత స్వదేశీ పట్టు మేజోళ్ళు సమర్పిస్తే చెట్టు ఉంటుంది. లేకపోతే గొడ్డలి.

ఇటలీ నుంచి పట్టుపురుగుల గుడ్లు వచ్చాయి. అవి కొనడానికి దేశం దాటిన బంగారం సంగతి ఎవరూ ఎత్తలేదు. బడిపంతులు ష్నెప్ ఆ శాఖకి అధికారి. గుడ్లు పొదగాలంటే వెచ్చగా ఉండాలనీ, ఒక సంచిలో వేసి ఆడవాళ్ళు రవికెలో పెట్టుకోవాలనీ పంతులు ఒక పుస్తకంలో చదివి, ఆ వాక్యం చదువుతున్నంతసేపూ గోడవైపు తిరిగాడు.

“చెట్టు నాది, పురుగులూ నావే. ఇటివ్వు,” అని వాల్‌బుర్గా సంచి తీసుకుంది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు నరకం గురించి చెబుతున్నారు. ఆయన ప్రసంగం వేడో, వాల్‌బుర్గా ఒంటి వేడో గానీ, గుడ్లు అప్పుడే పగిలాయి. సంచి మూతి సరిగా కట్టలేదు. వాల్‌బుర్గా ఒక్కసారి “హీహీ!” అంది. తర్వాత “హూహూ!” అంది. ఆ తర్వాత లేచి, భుజాలెగరేస్తూ బల్లల మధ్య చిందులేసింది. పరిశుద్ధాత్మ దిగిందని ముగ్గురు ముసలమ్మలు మోకరిల్లారు. పాస్టరు గారు తన ప్రసంగానికి అంత బలముందని అంతకుముందు ఎరగరు పాపం. ఆనాటి నుంచి నరకం తప్ప వేరే విషయం ముట్టుకోలేదు.

పురుగులైతే వచ్చాయి గానీ ఆకు లేదు. మల్బరీ మొక్కలు మంచుకి నల్లబడి కర్రల్లా నిలబడ్డాయి. పంతులు పురుగులకి క్యాబేజీ పెట్టాడు. మొహం తిప్పుకున్నాయి. పులియబెట్టిన క్యాబేజీ పెట్టాడు. జర్మన్ పురుగులైతే తినేవి. ఆ మర్నాడు ఎండ కోసం పురుగుల పళ్ళేన్ని బడి కిటికీలో పెట్టి పాఠం చెబుతుంటే, ఆయన పెంచుకుంటున్న పెద్దబాతు మెడ చాచింది. పంతులు “అయ్యో” అనే లోపల ఫ్లిట్టెన్‌బెర్గ్ పట్టు పరిశ్రమ యావత్తూ ఆ బాతు గొంతు దిగిపోయింది.

“దాని పొట్టలో గూడు కడతాయంటావా?” అన్నాను.

“నీ నోట్లో బాతు రెట్ట పడ,” అంది వాల్‌బుర్గా. కానీ ఆవిడ కళ్ళు బేరిచెట్టు మీదే ఉన్నాయి. చెట్టు నిండా పూత.

పండ్లు దిగాయి, ఎండాయి. ప్రభువుగారి పుట్టినరోజు దగ్గరపడింది. వాల్‌బుర్గా ఒక గోనెడు ఎండు బేరిపండ్లు వీపుకెత్తుకుని పెరటి గుమ్మం గుండా బయల్దేరింది. ఆవిడ పందుల పాక వెనకాలే సరిహద్దు రాయి ఉంది. రాయికి ఇటువైపు మా సింహం బొమ్మ, అటువైపు పక్క దేశం గ్రుమ్‌బాఖ్ వాళ్ళ ఎలుగుబంటి బొమ్మ. గ్రుమ్‌బాఖ్ సంతలో కాఫీ దొరుకుతుంది, మిరియాలు దొరుకుతాయి. ఫ్రెంచి పట్టు మేజోళ్ళు కూడా దొరుకుతాయి.

పండ్లు పోయాయి, మేజోళ్ళు వచ్చాయి. దేశం నుంచి బంగారం రవ్వ కూడా కదల్లేదు. చట్టాన్ని ఇంత నిష్ఠగా పాటించిన స్త్రీని నేను మరి చూడలేదు.

పుట్టినరోజునాడు ప్రభువుగారు స్వయంగా వచ్చి, మా ఊరి సంబరంలో అందరి ఎదుటా ఆ మేజోళ్ళు తొడుక్కున్నారు. పిక్క నిమురుకుని, “ఫ్రెంచివి గరుగ్గా ఉండేవి. ఇవి మన పట్టు! మట్టి వాసన తెలుస్తూనే ఉంది,” అన్నారు. బారన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. వాల్‌బుర్గా పెట్టిన ఎండు బేరిపండ్లు ప్రభువుగారు రెండు గుప్పిళ్ళు తిన్నారు గానీ, “పండు సామాన్యం. మేజోళ్ళు మాత్రం అమోఘం,” అని సెలవిచ్చారు.

చెట్టు బతికింది. కాకపోతే ప్రభువుగారు ఇకమీదట నెలనెలా మేజోళ్ళు పంపమన్నారు. నెలనెలా గోనె అటు వెళ్ళింది, మేజోళ్ళు ఇటొచ్చాయి. చెట్టుకి మేజోళ్ళు కాసే దేశం భూమ్మీద మాదొక్కటే.

మరుసటి వేసవిలో బారన్ గారు నడుం నొప్పికి వేడినీటి బుగ్గల్లో మునగడానికి వెళ్ళారు. అదే తొట్టిలో ఒక స్కాట్లండు పండితుడు కూడా మునిగి ఉన్నాడట. ఇద్దరూ మెడల దాకా నీళ్ళలో కూర్చుని మాట్లాడుకున్నారట. బారన్ గారు తిరిగొచ్చేసరికి నెత్తిన విగ్గు లేదు. నున్నటి తలతో చర్చి మెట్లెక్కి, మళ్ళీ నా పీపా అడిగారు. నీళ్ళు నింపించి, బిరడాలన్నీ ఒక్కొక్కటే పీకేశారు. ముందు వరుసలో ఉన్నవాళ్ళ బూట్లన్నీ తడిశాయి.

“ప్రవహించనీయండి! వస్తువులు రానీయండి, పోనీయండి! నేటి నుంచి ఈ దేశంలో అందరూ స్వేచ్ఛాజీవులే. సోమవారం నాటికి ఎవరైనా స్వేచ్ఛగా లేనట్టు కనబడితే జైల్లో వేయించడమగును!”

“మరి మొన్నటి బిరడాల సూత్రం బాబూ?” అన్నాను.

“అది చెప్పిన మంత్రి వేరు. అతనికి విగ్గుండేది.”

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. స్వేచ్ఛగా లేననుకుంటారేమోనని ఇంకాస్త గట్టిగా కొట్టాను.

అప్పుడు బారన్ గారు అసలు విషయానికొచ్చారు. “ఏ దేశం ఏది బాగా చేస్తుందో అదే చేయాలి. మిగతావి బయట కొనుక్కోవాలి. మనం అందరికన్నా బాగా చేసేదేమిటి?”

“మేజోళ్ళు!” అని అరిచారు జనం.

“అంచేత రేపు ముకెన్‌డార్ఫ్‌లో ప్రతి చెట్టూ కొట్టి మల్బరీ వేస్తాం. మొదటి గొడ్డలి పట్టుకు పుట్టిల్లయిన వాల్‌బుర్గమ్మ పెరట్లో! ప్రభువుగారి సమక్షంలో! బేరిపండ్లు కావాలంటే విదేశాల నుంచి తెప్పించుకుందాం.”

వాల్‌బుర్గా మొహం పాలిపోయింది. నిజం చెబితే ప్రభువును మోసగించినందుకు జైలు. చెప్పకపోతే గొడ్డలి. ఇంటికొచ్చి చెట్టు మొదట్లో చతికిలబడింది. నన్ను తిట్టను కూడా లేదు. అది చూసి నాకు భయమేసింది.

“వదినా, ఏదో ఒకటి అను.”

“ఏమనను? ఆయనకి ఏ ఊహ వచ్చినా నా చెట్టుకే తగులుకుంటుంది. ఈ దేశంలో ఇంకో చెట్టే లేనట్టు.”

అంటూనే ఆవిడ ఆగింది. పందుల పాక వెనక్కి చూసింది. “ఏమయ్యా, నీకు నడుం నొప్పి ఉందా?”

“లేదు.”

“అయితే రేపు ఉంటుంది. పంతుల్ని పిలుచుకురా.”

మర్నాడు పొద్దున ఊరంతా చర్చి ముందు చేరి స్వేచ్ఛ మీద బారన్ గారి ఉపన్యాసం వింటుండగా, మేం ముగ్గురం పట్టపగలే పనిలో దిగాం. పంతులు మొదట చట్టాలు వల్లించాడు. వాల్‌బుర్గా బాతు సంగతి గుర్తుచేసింది. తర్వాత పంతులు అందరికన్నా గట్టిగా తోశాడు. పంది అదే పనిగా అరిచింది గానీ దాని మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఉపన్యాసం ముగించుకుని గొడ్డళ్ళవాళ్ళతో, ప్రభువుగారితో బారన్ గారు పెరట్లోకి వచ్చారు. చెట్టుకీ ఆయనకీ మధ్య సరిహద్దు రాయి ఉంది. సింహం మావైపు చూస్తోంది. ఎలుగుబంటి బేరిచెట్టుకి కాపలా కాస్తోంది.

“ఈ చెట్టు...”

“గ్రుమ్‌బాఖ్ దేశపుది బాబూ,” అంది వాల్‌బుర్గా. “కొడితే యుద్ధమొస్తుంది.”

“ఈ రాయి నిన్న ఇక్కడ లేదే!”

“అందరికీ స్వేచ్ఛ ఇచ్చారుగా బాబూ,” అన్నాను నడుం పట్టుకుని. “రాయి కూడా దేశంలో భాగమేగా.”

బారన్ గారి నున్నటి తల ఎర్రబడింది. ఈలోగా ఒక పండు కొమ్మ మీంచి రాలి, దొర్లి, సింహాన్ని దాటి ప్రభువుగారి బూటు దగ్గర ఆగింది. ప్రభువుగారు తీసి కొరికారు. రసం గడ్డం మీద కారింది.

“ట్రోడెల్! ఏమిటీ పండు?”

బారన్ గారు పండు వంక, రాయి వంక చూశారు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళెందుకవుతారో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన గొంతు సవరించుకుని, “విదేశీ సరుకు ప్రభూ. మన కొత్త విధానం కింద వచ్చిన మొట్టమొదటి దిగుమతి. తనంతట తానే వచ్చింది,” అన్నారు.

“అద్భుతం! ఆనాడు తిన్న స్వదేశీ పండ్లకీ దీనికీ పోలికే లేదు!”

బారన్ గారికి అక్కడికక్కడే పతకం. వాల్‌బుర్గాకి విదేశీ పండ్ల సరఫరాదారు హోదా. మేజోళ్ళు మామూలుగానే కాస్తున్నాయి.

ఇంతటి మేధావి కీర్తి సరిహద్దుల్లో ఆగుతుందా? గ్రుమ్‌బాఖ్ ప్రభువు గొప్ప జీతమిచ్చి ఆయన్ని తన మంత్రిగా తీసుకుపోయాడు. మేం కన్నీళ్ళతో సాగనంపాం. ఆయన బండి కనుమరుగయ్యేదాకా వాల్‌బుర్గా కన్నీళ్ళు ఆగలేదు. ఆ తర్వాత వెంటనే ఆగాయి.

ఈ వసంతంలో పందుల పాక అవతల దండోరా వినిపించింది. గ్రుమ్‌బాఖ్ దేశపు బంగారం రవ్వంతైనా సరిహద్దు దాటరాదట. గ్రుమ్‌బాఖ్ గడ్డ మీదున్న పండ్ల చెట్లన్నీ కొట్టి మల్బరీ వేస్తారట. మధ్యాహ్నానికి ఒక మనిషి సరిహద్దు దాటొచ్చి, మంత్రిగారికి ఒక పీపా అరువు కావాలన్నాడు. బిరడాలతో సహా.

“మంత్రిగారికి విగ్గుందా?” అని అడిగాను.

“కొత్తది చేయించారు.”

పీపా ఇచ్చి పంపి వెనక్కి తిరిగితే, వాల్‌బుర్గా రవికె చేతులు పైకి మడుచుకుని నిలబడి ఉంది. “ఏమయ్యా, నడుం?”

“ఏం ఫరవాలేదు వదినా,” అన్నాను. పీపాలకు వేసే ఇనప పిడులు రెండు, రాయికి చెరోవైపున నేను చలికాలంలోనే బిగించి ఉంచాను.

ఇద్దరం వెళ్ళేసరికి ఎలుగుబంటి వైపు పిడి పట్టుకుని ఒక ముసలి గ్రుమ్‌బాఖ్ రైతు అప్పటికే వంగి ఉన్నాడు. మమ్మల్ని చూసి టోపీ తీశాడు.

“బాబ్బాబు, జరిపేదేదో ఇంకో నాలుగడుగులు ఇటు మావైపు జరపండి. నాదో చెర్రీచెట్టుంది.”