దిక్కులేని నాలుగో జవాబు

గంప కింద గొర్రెపిల్లలు ఒకటే అరుపు. సుమతి గంపను ఒక పక్కగా ఎత్తి, ఒక్కో పిల్లను బయటికి లాగి, తడక సందులోంచి దొడ్డిలోని తల్లి దగ్గరికి వదులుతోంది. కడుపు నిండిన పిల్లను మళ్లీ గంప కింద మూస్తోంది. ఈ పని రోజూ ఉండేదే. ఈరోజు అదనంగా ఉన్నది చంకలోని ఇంగ్లీషు పుస్తకం.

మధ్యాహ్నం ప్రొద్దుటూరులో బ్యాంకు పరీక్ష. ఆమె రాయడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ లెక్కలు గట్టెక్కించాయి, ఇంగ్లీషు పేరాలు ముంచాయి. ఇదే ఆఖరని తండ్రి కాటమయ్య తేల్చేశాడు. గొర్రెల వెనక పోవడానికి డిగ్రీ అడ్డం రాదని ఓదార్చాడు కూడా. సుమతి లెక్క ప్రకారం పిల్లలకు పాలు కుడపాలి, ఒక్క పేరా చదవాలి, పక్కింటి జమీర్ ఆటోలో తొండూరు పోయి జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడ ప్రొద్దుటూరు బస్సు మారాలి. ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండగా ఇట్లాంటి లెక్క వేసుకోవడమే ఆమె చేసిన తప్పు.

ఆ పేరా సినిమా కొత్తగా పుట్టిన రోజుల సంగతి. ఏదో దేశంలో ఒకాయన మిషనూ రీళ్లూ బండికెక్కించుకుని ఊరూరా తిరిగేవాడట. తెర పక్కన తనే నిలబడి కథ చెబుతూ బొమ్మ ఆడించేవాడట. జనం దేనికోసం వచ్చేవాళ్లు అని ప్రశ్న. జవాబులు నాలుగిచ్చారు. కథ కోసం, మిషను చూడటానికి, చెప్పేవాడి మాటల కోసం, ఈ పేరాను బట్టి చెప్పలేం. సరైనదేదో చూసుకుందామంటే పుస్తకం చివరి పేజీలను ఒక గొర్రెపిల్ల పోయిన వారమే తినేసింది. ఆ ఇంట్లో జవాబులన్నీ తెలిసిన ప్రాణి ప్రస్తుతానికి అదొక్కటే.

అర్థంకాని పేరాను తెలుగులో పైకి చెప్పుకోమని కోచింగ్ సారు సలహా ఇచ్చాడు. సారు ఒంటరిగా ఉంటాడు.

"జనం దేనికోసం వచ్చేటోళ్లు? మిషను కోసమా?" అని సుమతి పైకి అనుకుంది.

"మిషను కోసమే," అంటూ కాటమయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "గండి తిరునాళలో డేరా సినిమాకు కరెంటిచ్చిన ఆయిలింజను ఎవురిది? మా నాయనది. అది డబడబామంటే సుట్టుపక్కల పల్లెలోళ్లంతా ఉరుక్కుంటా వస్తాండ్రి. రెండోదే పెట్టు."

"నాయనా, ఇది గండి గురించి కాదు. వేరే దేశం."

"యా దేశమైతే ఏంది? ఇంజను ఇంజనే గదా!"

అప్పుడే ఆటో తెచ్చి వాకిట్లో ఆపిన జమీర్ చెవిన ఆ ముక్క పడింది. కువైట్‌లో కొన్నేళ్లు నోరు మూసుకుని పనిచేసి వచ్చినవాడు. ఆ బాకీ అంతా ఇప్పుడు ఊళ్లో తీర్చుకుంటున్నాడు.

"ఇంజను కోసం ఎవురొస్తారు మామా? అదే ఇంజను మీ బాయికాడ రోజూ మొత్తుకుంటాంటే ఎవురన్నా టికెట్ కొన్యారా? రీలు మార్చేటప్పుడు తెర ముందర నిలబడి కథ అందుకునింది మా తాత. ఆయప్ప నోరు తెరిస్తే ఆడోళ్లు కొంగులు తడుపుకుంటాండ్రి. పాపా, మూడోది పెట్టు."

"చీకట్లో మీ తాత మొగం ఎట్ల కనపడ్యా? మా నాయన ఇంజను వెలుగులోనే గదా!"

"ఆ ఇంజను చప్పుడులో గూడా మా తాత గొంతు ఇనపడ్యా! అదీ గొంతంటే!"

అరుగు మీద వక్క నములుతున్న రామసుబ్బమ్మ, కాటమయ్య తల్లి, మెడ చాచింది. "రేయ్, ఆ సినిమాకు నేనూ పోయింటిరా..."

"నువ్వుండుమ్మా. ఇది సదువు సంగతి," అన్నాడు ఏడో తరగతి దాటని కొడుకు.

జమీర్ ఆటో తాళం తీసి జేబులో వేసుకున్నాడు. మూడో జవాబు తప్పనే ఇంటికి తన బండి రాదన్నాడు. తన కూతురు ఆ బండి ఎక్కదన్నాడు కాటమయ్య. పనిలో పనిగా మొన్న తీసుకుపోయిన నిచ్చెన తెచ్చిమ్మన్నాడు. ముందు మా మంచం పంపించమన్నాడు జమీర్. నిచ్చెన ఇటూ మంచం అటూ వీధిలోకి వస్తుంటే జనం చేరారు. గట్టు తగాదా అన్నారు కొందరు. సినిమా అన్న మాట విన్నవాళ్లు, గండిలో మళ్లీ డేరా వేస్తున్నారనీ దాని లైసెన్సు కోసమే ఈ గొడవనీ చెప్పారు. కారణం ఎవరికీ తెలియదు. ఎటువైపు నిలబడాలో మాత్రం అందరికీ తెలుసు. చూస్తుండగానే వాకిలి రెండు పార్టీలయింది.

ఇంతలో చంద్రమోహన్ వచ్చాడు. ఊరి తగాదాల్లో ఇద్దరికీ సమానంగా నష్టం వచ్చేలా తీర్పు చెప్పగల పెద్దమనిషి. తెల్ల పంచె సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆ మంచం అప్పటికింకా జమీర్ ఇల్లు చేరలేదు.

"రెండోదానికి ఎవురుండారు?" అన్నాడు. ఒక పక్క చేతులు లేచాయి. "మూడోదానికి?" రెండో పక్క లేచాయి. "ఒకటి? నాలుగు?" ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే ఆ రెంటికీ దిక్కు ల్యా. కొట్టెయ్యండి."

"పెద్దనాయనా, బస్సుకు టైమైతాండాది," అంది సుమతి. "ఇది పరీక్షలో గూడా రాదు. ఊరికే సదువుకుంటాండా."

"పరీక్షలో రాకపోతే ఏంది పాపా, ఊళ్లో వచ్చె గదా! ఒక పని చెయ్యి. రెండోదీ మూడోదీ, రెండూ పెట్టు."

"రెండు పెడితే మార్కు పోతాది."

"పోతే పోనీ. ఊరు నిలబడ్తాది."

ఊరు నిలబడింది, అరనిమిషం. రెంటిలో ఏది ముందు పెట్టాలన్న దాని మీద మళ్లీ మొదలైంది.

సుమతి అరుగు మీద జేజి రామసుబ్బమ్మ పక్కన కూలబడి పేరా మళ్లీ తెరిచింది. ఇన్నిసార్లు చదివినా చివరి వాక్యాన్ని తొందరలో దాటేస్తూ వచ్చింది. ఆ రోజుల గురించి మిగిలినవన్నీ బొమ్మ ఆడించినవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలేనట, చూసినవాళ్ల మాట ఒక్కటీ మిగల్లేదట. ఆమె తలెత్తింది. వాకిట్లో ఇంజను కొడుకు, గొంతు మనవడు.

"జేజీ, నువ్వు ఆ సినిమాకు ఏందానికి పోతాంటివి?"

రామసుబ్బమ్మ వక్క ఉమ్మేసింది. "కథ ఎవురికి కావాలమ్మే? మీ తాత ఇంజనుకు తలకాయ పగిలిపోతాండె. జమీరు వాళ్ల తాత చెప్పేది సగం ఇనపడకపాయ. ఆడ తెల్లార్లూ కూర్చున్యా 'లేసి నీళ్లు తేపో' అనేటోళ్లు లేరు. ఆ చీకట్లో నేను యాడుండానో మా అత్తకు తెల్దు. శానా సుఖం."

సుమతి నాలుగో జవాబు చుట్టూ సున్న చుట్టింది. ఒక ఇంగ్లీషు పేరా ఆమెకు పూర్తిగా అర్థం కావడం ఇదే మొదలు.

చంద్రమోహన్ కొత్త తీర్పు చెప్పాడు. "మీ ఇద్దరి మాటా ఒద్దు. పరీక్షలో యాది పెడ్తాదో పాప గండి ఆంజనేయస్వామి మింద ప్రమాణం చెయ్యనీ. అంతవరకు వాకిలి దాటేది ల్యా." ఈ ఒక్క విషయంలో రెండు పార్టీలూ ఏకమై వాకిలికి అడ్డం నిలబడ్డాయి.

గంప కింద సగం పిల్లలకు ఇంకా పాలే అందలేదు. సుమతి లేచింది. హాల్ టికెట్ ఉన్న సంచి భుజాన వేసుకుంది. దొడ్డి తడక లాగేసింది. బోర్లా ఉన్న గంపను వెల్లకిలా తిప్పింది.

తల్లుల కోసం పిల్లలు, పిల్లల కోసం తల్లులు, నడుమ పంచాయితీ. మంచం తిరగబడింది. చంద్రమోహన్ పంచె కొంగు ఒక పొట్టేలు కొమ్ముకు తగులుకుని వీధి చివరిదాకా ప్రయాణం కట్టింది, దాని వెనకే ఆయన.

"జమీరూ, పొట్టేలును పట్టుకోరా!"

"మామా, నువ్వు ఆ పక్క అడ్డం రా!"

నిచ్చెనను చెరో కొన పట్టుకుని ఇద్దరూ మందకు అడ్డం పరిగెత్తారు. వాకిలి ఖాళీ అయింది. జవాబులు తిన్న గొర్రెపిల్ల మెల్లగా అరుగు దగ్గరికి వచ్చింది. సుమతి మిగిలిన పుస్తకాన్ని కూడా దాని ముందర పెట్టి, ఇల్లు దాటి, తొండూరు రోడ్డు వైపు నడిచింది.

తడక ఎవరు తీశారన్న దాని మీద వెనక అప్పుడే రెండు పార్టీలు తయారయ్యాయి. కళ్లారా చూసింది రామసుబ్బమ్మ ఒక్కతే. ఆమెను ఎవరూ అడగలేదు.